మూడో రోజు వాన

బంగాళాఖాతంలో పుట్టిన తుఫాను తీరాన్ని తాకకుండా పక్కనుంచి వెళ్లిపోతే, సరిగ్గా మూడో రోజున నాచారంలో వాన పడుతుంది. మా వీధిలో ఈ మాట నమ్మనివారు లేరు. పాలు పోసే అతను నమ్ముతాడు, ఇస్త్రీ బండి ఆమె నమ్ముతుంది, ఉప్పల్ మెట్రో దగ్గర నిలబడే ఆటోవాళ్లు సైతం నమ్ముతారు. మే నెలాఖరున టీవీలో తుఫాను బొమ్మ కనబడిందంటే చాలు, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మూడో రోజు ఏ వారమవుతుందన్న లెక్క మొదలవుతుంది.

ఈ నమ్మకానికి రాతపూర్వకమైన ఆధారం ఉంది. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన అచ్యుతరావు గారు మా భవనంలో రెండో అంతస్తులో ఉండేవారు. డాబా మీద సొంతంగా ఒక వర్షమాపకం అమర్చుకొని, పందొమ్మిదేళ్లపాటు రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు మెట్లెక్కి, అందులోని నీటిని గాజు కొలపాత్రలో పోసి చూసి రిజిస్టరులో రాసేవారు. వాన లేని రోజున కూడా సున్నా చూసే రాసేవారు, చూడకుండా రాసేవారు కాదు. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు కూడా అదే పుటలో ఉండేవి. పద్నాలుగేళ్ల కిందటి ఒక మే ఉదయాన, తుఫాను తీరానికి దూరంగా తరలిపోయిన మూడో రోజున, ఆయన ఎర్ర సిరాతో రాసిన అంకె నలభై ఆరు మిల్లీమీటర్లు.

ఆ రాత్రి వాన చప్పుడు ఎవరూ వినలేదు. కూలర్ల హోరులో వినపడలేదని సర్దుకున్నారు. తెల్లవారాక చూస్తే డాబా తడిగా ఉంది, గోడ వెంట నీరు జారిన చారలున్నాయి, గేటు ముందు మడుగు నిలిచింది. ఎదురు వీధి మాత్రం పొడిగా ఉంది. వేసవి వాన ఒక వీధిలో కురిసి పక్క వీధిలో కురవకపోవడం విడ్డూరం కాదని అచ్యుతరావు గారు వివరించారు. ఆ వివరణలో తప్పేమీ లేదు. ఆయన పోయి మూడేళ్లయింది. ఎర్ర సిరా అంకె మాత్రం మిగిలింది.

ఈ ఏడాది రోహిణి కార్తె మొదలైన రోజే బంగాళాఖాతంలో వాయుగుండం తుఫానుగా మారింది. శనివారం నాటి వాతావరణ సూచన స్పష్టంగానే ఉంది. తుఫాను కోస్తా తీరానికి సమాంతరంగా ఉత్తర దిశగా కదులుతుంది, తీరం వెంబడి బలమైన గాలులు వీస్తాయి, తెలంగాణలో పొడి వాతావరణం, ఉష్ణోగ్రతలు మరో రెండు మూడు డిగ్రీలు పెరగవచ్చు.

ఆ తీరం గాలుల సంగతి మా భవనాన్ని మరో దారిలో చేరింది. మూడో అంతస్తులో ఉండే త్రిపురసుందరి గారి తమ్ముడికి నూజివీడు దగ్గర మామిడి తోట ఉంది. గాలికి కాయ రాలి దెబ్బతింటుందని భయపడి, ఆయన పుల్లకాయనంతా ఒక్కసారే కోయించి, ఎనిమిది గోనె సంచులకెత్తి రైల్లో పంపించాడు. సోమవారం ఉదయం చర్లపల్లి స్టేషనులో దిగిన ఆ సంచులు మధ్యాహ్నానికి మా లిఫ్టు ముందు వరసగా నిలబడ్డాయి.

త్రిపురసుందరి గారి భర్త పనిచేసే పంపుల కర్మాగారం నాచారంలో మూతపడి ఏడాదిన్నర అయింది. అప్పటినుంచి ఆమె పచ్చళ్లు పెట్టి తెలిసినవాళ్లకు ఇస్తున్నారు. హబ్సిగూడ హాస్టళ్లకు భోజనాలు పంపే గిరిప్రసాద్ అనే ఆయన, కిందటేడు ఆమె మాగాయ రుచి చూసి, ఈసారి తన అన్ని వంటశాలలకూ ఆమెనే పెట్టమన్నాడు. జూన్‌లో కొత్త బ్యాచిలు చేరేలోగా సరుకు అందాలి, ముక్క గట్టిగా ఉండాలి అన్నవి ఆయన షరతులు. ఆమె చేతికి ఇంత పెద్ద పని రావడం ఇదే మొదలు.

మాగాయకు కాయ చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ కలిపి మూడు రాత్రులు ఊరనివ్వాలి. ఆ మర్నాడు పొద్దున ముక్కలు పిండి ఎండలో పోయాలి. మంచి ఎండ రెండు రోజులైనా కావాలి. ఇంకా ఊటలోనే ఉంచితే ముక్క మెత్తబడుతుంది, ఇంట్లో ఫ్యాను కింద ఆరబెడితే నల్లబడుతుంది, ఎండబోసిన ముక్క మీద వాన పడితే బూజు పడుతుంది. సోమవారం సాయంత్రానికి కాయలన్నీ కోసి ఉప్పులో వేశారు. వాచ్‌మన్ చెన్నయ్య భార్య మైసమ్మ కత్తిపీట ముందునుంచి లేవలేదు. తుఫాను మంగళవారం దారి మళ్లి ఒడిశా వైపు సాగింది. మంగళవారంనుంచి లెక్కపెడితే మూడో రోజు గురువారం. సోమవారం ఉప్పులో పడిన ముక్కలు పిండాల్సిన రోజు కూడా అదే.

మంగళవారం సాయంత్రం మెట్ల దగ్గర ఆమె నన్ను ఆపారు.

"మాష్టారూ, గురువారం వాన పడుతుందంటున్నారు. మీరు సైన్సు చెప్పినవారు కదా, ఏమంటారు?"

"సూచనలో వాన లేదమ్మా. తుఫాను మనకు ఈశాన్యాన ఉంది. దాని చుట్టూ గాలి ఎడమవైపుగా తిరుగుతుంది. అంటే మన మీదికి వచ్చేది సముద్రం గాలి కాదు, వాయవ్యం నుంచి వచ్చే పొడి గాలి. వేడి పెరగాలి."

"మరి ఆ ఏడాది ఎందుకు పడింది?"

అందుకే రిజిస్టరు చూడాలనుకున్నాను.

అది అసోసియేషన్ గది బీరువాలో ఉంది. తాళం చెవి అధ్యక్షుడు నరేందర్ దగ్గర ఉంటుంది. వాళ్లది తరతరాలుగా నాచారం. భవనం కట్టకముందు ఇక్కడ వాళ్ల పెద్దనాన్న భూమి ఉండేదని కొత్తగా చేరిన ప్రతివారికీ చెబుతాడు.

"ఏంది సార్, అచ్యుతరావు సార్ మీద పరీక్ష పెడుతున్నరా?" అని నవ్వుతూ బీరువా తీశాడు.

"పరీక్ష ఆయన మీద కాదు, అంకె మీద."

"అంకె ఏం తప్పు చేసింది సార్ పాపం? ఎర్ర రంగుల ఉన్నది కద, గదే సాక్ష్యం."

రాత్రి భోజనం వేళకు ముందే లెక్క తేలింది. పందొమ్మిదేళ్లలో తీరం తాకకుండా వెళ్లిన మే నెల తుఫానులు ఏడు. మూడో రోజున వాన నమోదైనది రెండుసార్లు. ఒకటి రెండు మిల్లీమీటర్ల జల్లు, రెండోది ఆ నలభై ఆరు. మిగిలిన అయిదుసార్లూ సున్నాయే. బుధవారం ఉదయం ఈ సంగతి నరేందర్‌కు చెప్పాను.

"రెండుసార్లు పడ్డదంటే పడ్డట్టే గద సార్."

"అయిదుసార్లు పడలేదు."

"పడనిది ఎవలకు యాదుంటది సార్?" అన్నాడు. వాదనగా అది బలహీనమైనదే. ఇలాంటి నమ్మకాలు ఎలా నిలుస్తాయో చెప్పే వివరణగా మాత్రం అంతకంటే కచ్చితమైన మాట నాకు తట్టలేదు.

అయితే నన్ను తొలుస్తున్నది మరో అంకె. నలభై ఆరు మిల్లీమీటర్లు రాసిన వరసలోనే, పక్క గడిలో, ఆ రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ముప్పై ఒకటి పాయింట్ రెండు అని ఉంది. మే నెలలో అంత వాన పడిన రాత్రి గాలి చల్లబడి తీరుతుంది. అదే రిజిస్టరులో భారీ వేసవి వానలు కురిసిన రాత్రులు మరో నాలుగున్నాయి. నాలుగింటా పాదరసం ఇరవై రెండు, ఇరవై మూడు దాకా పడిపోయింది. ఈ ఒక్క రాత్రి మాత్రం ముందు రాత్రికంటే వెచ్చగా ఉంది. ఉరుములు, ఈదురుగాలి, వాన మొదలైన సమయం అని అచ్యుతరావు గారు ఎప్పుడూ నింపే గడి కూడా ఖాళీగా ఉంది. తాను వినని ఉరుమును ఆయన రాయలేదు. రెండు అంకెలూ ఆయన కళ్లారా చూసి రాసినవే, కానీ రెండూ ఒకే రాత్రివి కాలేవు.

నాలుగు రోజుల తరవాతి పుటలో ఒక చిన్న గమనిక కనిపించింది. "చెన్నయ్య సూచన మేరకు వర్షమాపకాన్ని నీళ్ల ట్యాంకు పక్కనుంచి ఈశాన్య మూలకు మార్చడమైనది. కారణం: ట్యాంకు నీడ."

వర్షమాపకానికి నీడతో నష్టం లేదు. ఎత్తయిన అడ్డు దగ్గరలో ఉండటం మాత్రం దోషమే. ఆ నియమం అచ్యుతరావు గారికి తెలుసు. వాచ్‌మన్‌కు ఇంత శ్రద్ధ కలిగినందుకు ఆయన సంతోషించి ఉంటారు. చెన్నయ్యకు నీడ మీద శ్రద్ధ ఎందుకు కలిగిందన్నది నా సందేహం.

మధ్యాహ్నం అతను సంపు మూత తీసి నల్లా నీళ్లు ఎంత వచ్చాయో చూస్తున్నాడు. మాకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిన రోజున సంపు నిండాక మోటారు వేసి నీళ్లు డాబా మీది ట్యాంకుకు ఎక్కిస్తారు. ఆ మోటారు స్విచ్చు ఇరవై ఏళ్లుగా చెన్నయ్య చేతిలోనే ఉంది.

"చెన్నయ్యా, అచ్యుతరావు గారి వానపాత్రను ట్యాంకు దగ్గర్నుంచి జరపమన్నది నువ్వేనా?"

అతను మూత వేసి నిదానంగా లేచాడు. "ఏమో సారు, పద్నాలుగేండ్ల కిందటి ముచ్చట. గిప్పుడెందుకు?"

"గురువారం వాన పడుతుందో లేదో సుందరి గారికి చెప్పాలి."

"మీకు సూచన వచ్చింది కద. చెప్పున్రి."

"నేను చెప్తే ఆమె నమ్మడం లేదు."

"మీరు చెప్పే తీరు గట్లుంటది సారు. పడొచ్చు అంటరు, పడకపోవచ్చు అంటరు. రెండూ మీరే చెప్తే ఇంక ఆమె ఏం చెయ్యాలె?" అని మోటారు గదిలోకి వెళ్లిపోయాడు. జవాబు తెలియని మనిషికి అంత చిరాకు రాదు. కానీ అనుమానం సాక్ష్యం కాదు కనుక నేను మరి అడగలేదు.

ఆ సాయంత్రం త్రిపురసుందరి గారు కింది అంతస్తులో ఉన్న మా ఇంటికే వచ్చారు. చేతిలో చిన్న గిన్నె, అందులో ఉప్పులో ఊరిన నాలుగు ముక్కలు. ఒకటి తీసి నొక్కి చూపించారు.

"ఇంకా గట్టిగానే ఉంది మాష్టారూ. రేపు పిండకపోతే ఎల్లుండికి ఇలా ఉండదు. రేపు పడుతుందా, పడదా? ఒక్క మాట చెప్పండి."

కనిష్ఠ ఉష్ణోగ్రత సంగతి, ఏడింట అయిదు సున్నాల సంగతి చెప్పాను. ఆ అంకె వానది కాదని నా అభిప్రాయమని కూడా చెప్పాను. ఆమె ఓపికగా విన్నారు.

"అంటే పడదన్నమాట."

"పడే అవకాశం చాలా తక్కువ. అసలు పడదని మాత్రం చెప్పలేను. మే నెలాఖరున ఎక్కడైనా ఒక మబ్బు లేచి..."

"చూశారా!" అని ఆమె గిన్నె మూసేశారు. "నా ముక్కలు తడిశాక మీ అవకాశం వచ్చి ఆరబెడుతుందా మాష్టారూ? అచ్యుతరావు గారు వాన పడిందని రాశారు. మీరు పడలేదంటున్నారు. ఆయన మీలాగే చదువుకున్నవారు, పైగా కళ్లతో చూసినవారు. పడలేదంటే మరి ఆ నీళ్లు ఎక్కడివి?"

ఆ ప్రశ్న న్యాయమైనది. ఆమె మెట్లెక్కుతూ, రేపు తుఫాను లెక్క దాటనిచ్చి శుక్రవారమే ఎండబోస్తానన్నారు. మెత్తబడితే గిరిప్రసాద్ తిప్పి పంపుతాడని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. గేటు దగ్గర పీట మీద కూర్చున్న చెన్నయ్య ఈ మాటలన్నీ విన్నాడు.

గురువారం పొద్దున ఆకాశం ఆమె పక్షాన లేదు. ఏకిన దూదిలాంటి పల్చని తెర తూర్పునుంచి నడినెత్తి దాకా పరుచుకొని ఉంది. తుఫాను పైకప్పునుంచి చెదిరి వచ్చే మంచు రేణువుల మబ్బు అది. చాలా ఎత్తున ఉంటుంది, వాననివ్వదు. నరేందర్ డాబా మీదికి వచ్చి ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు.

"సార్, జర పైకి చూడున్రి. మూడో రోజు వచ్చింది, మబ్బు వచ్చింది. మీ సూచనోళ్లకు ఫోన్ చేస్తరా మరి?"

"ఈ మబ్బు ఎండకు పల్చని పరదా మాత్రమే నరేందర్. తొమ్మిదికల్లా పోతుంది."

"పోకపోతే పొద్దుగూకేదాకా మీదే చాయ్!"

పందెం కాశాను. ఇద్దరం కిందికి దిగుతుండగా మూడో అంతస్తు తలుపు దగ్గర చెన్నయ్య కనిపించాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకొని ఉన్నాడు. లోపల త్రిపురసుందరి గారు నిలబడి వింటున్నారు, వెనక మైసమ్మ ఉంది. మమ్మల్ని చూసి అతను మాట ఆపాడు. మేము దాటిపోయాక ఆమె గొంతు పెద్దగా వినిపించింది.

"పద్నాలుగేళ్లుగా నోరు మూసుకొని ఉన్నావా నువ్వు! సిగ్గులేదూ? ముందు ఆ చాపలు పైకి మొయ్యి!"

పావుగంటలో డాబా మీద చాపలు, వాటి మీద ఉతికిన తెల్ల చీరలు, చీరల మీద పిండిన ముక్కలు పరుచుకున్నాయి. ఊట గిన్నెలు కూడా ఎండకు పెట్టారు. ఎనిమిది సంచుల కాయ పరిస్తే మా డాబాలో నడవడానికి చోటు మిగలలేదు. పదేళ్ల కిందట ఎత్తు గద్దె మీదికి మార్చిన కొత్త ట్యాంకు పక్కన మాత్రం ఆమె ఒక బార మేర ఖాళీ వదిలించారు. ఎందుకని నరేందర్ అడిగితే, "చెన్నయ్యను అడుగు" అన్నారు. చెన్నయ్య వినపడనట్టు చాప అంచు సర్దాడు.

పల్చని తెర తొమ్మిదికి కాదు, తొమ్మిదిన్నరకు పోయింది. ఆ అరగంట నా అంచనా దోషంగా నమోదు చేసుకోవలసిందే. పదకొండుకు పడమటి గాలి మొదలైంది. కొలిమి మూత తీసినట్టున్న గాలి అది. మైసమ్మ కొంగు తడిపి నెత్తిన వేసుకొని గంటగంటకూ ముక్కలు తిరగేసింది. మధ్యాహ్నం మా గోడమీది ఉష్ణమాపకం నలభై మూడు దాటింది. నరేందర్ రెండుసార్లు పైకి వచ్చి ఆకాశం చూసి దిగిపోయాడు. అయిదు గంటలకు గ్రూపులో ఎవరో "ఇంకా రాత్రి ఉంది కదా" అని రాశారు. రాత్రి కూడా వాన లేదు. వేడికి ఎవరికీ సరిగా నిద్ర లేదు. ముక్కలు మాత్రం మూడు రోజుల ఎండ రెండు రోజుల్లోనే తాగాయి. శుక్రవారం సాయంత్రానికి ఒంటి చేత్తో విరిస్తే విరగకుండా, గోరుతో నొక్కితే దిగకుండా ఉన్నాయి. త్రిపురసుందరి గారు ఒక ముక్క నోట్లో వేసుకొని, తల ఊపి, కారం కలపడానికి కిందికి వెళ్లారు. శనివారం హబ్సిగూడ వంటశాలలకు జాడీలు వెళ్లాయి. తిరిగి రాలేదు.

శుక్రవారం సాయంత్రమే, ఖాళీ అయిన చాపలు దులుపుతున్న చెన్నయ్య దగ్గరికి వెళ్లాను.

"ఆమెకు చెప్పావు. నాకు చెప్పలేదేం?"

"మీరు రాస్తరు సారు." నవ్వాడు. "ఆమెకు చెప్తే నాలుగు తిట్లు తిడతది, అయిపోతది. మీకు చెప్తే పుస్తకంల ఎక్కుతది."

"ఎక్కించవద్దా?"

చేతిలోని చాప చుట్టడం మొదలుపెట్టాడు.

"గా దినం మా చిన్నది పుట్టింది సారు. పొద్దుందాక దవాఖానల నిలబడి నిలబడి వచ్చిన. వచ్చి మోటారు ఏసి, గిట్ల గోడకు ఒరిగిన. గంతే యాదుంది. తెల్లారి ఎండ మొకం మీద పడితే లేచిన. పైకి ఉరికి చూస్తే అచ్యుతరావు సారు గాజు గ్లాసు పట్టుకొని నిలబడ్డడు. 'చెన్నయ్యా, రాత్రి ఎలా కొట్టిందో చూశావా?' అన్నడు. గంత సంబురం ఆ పెద్దమనిషి మొకంల ఎన్నడు చూడలే. నౌకరి పోతదని భయం ఒకటి, ఆ మొకం ఒకటి. 'అవ్ సారు, మస్తు కొట్టింది' అన్న. మళ్ల గట్లయితదేమోనని నాలుగొద్దుల తర్వాత డబ్బా జరపమన్న. ఆయన మెచ్చుకొని నాకు అంగీ కుట్టించిండు."

"ఆ తరవాత ఎప్పుడైనా చెప్పాలనిపించలేదా?"

"ఒకసారి నోటిదాక వచ్చింది. అప్పటికే వీధి వీధంత తుఫాను లెక్క పెట్టుడు మొదలువెట్టింది. ఎవలికీ నష్టం లేకుండె కద సారు, నిన్నటిదాక. మైసమ్మ కోసిన ముక్కలు ఖరాబయితయంటే..." చాప భుజాన వేసుకున్నాడు. "రాయున్రి. పోయిన పెద్దమనిషి ఏమనుకోడు."

ఆయన ఏమనుకుంటారో నిర్ధారించే సాధనం నా దగ్గర లేదు. తప్పు అంకెను దిద్దకుండా వదలడం మాత్రం ఆయన పద్ధతి కాదని పందొమ్మిదేళ్ల రిజిస్టరు చెబుతోంది. శనివారం ఉదయం నరేందర్ చాయ్ ఇప్పించి, బీరువా తీసి ఇచ్చాడు. పాత అంకెను కొట్టివేయలేదు. ఆ ఎర్ర నలభై ఆరు పక్కన నల్ల సిరాతో తేదీ వేసి ఇలా రాశాను.

"ఆ రాత్రి వర్షం: సున్నా. అది నల్లా వచ్చిన రోజు. మోటారు తెల్లవార్లూ ఆగలేదు. పాత్రలో ఉన్నది పొంగి పొర్లిన ట్యాంకు నీరు."